మూడు మంత్రివర్గాలు, ఒక తక్కెడ: హైదరాబాద్ రాజతంత్రంలో దళితులు

1948 సెప్టెంబర్‌లో పారిస్‌లో భద్రతామండలి ముందుకు హైదరాబాద్ సంస్థానం ఫిర్యాదు వచ్చింది. ఇండియా మమ్మల్ని దిగ్బంధం చేసింది, రేపో మాపో మా మీదికి సైన్యాన్ని నడిపిస్తుంది, అడ్డుకోండి అన్నది దాని సారాంశం. ఆ మాట వినిపించడానికి నిజాం ప్రభుత్వం పంపిన ప్రతినిధి బృందానికి మొయిన్ నవాజ్ జంగ్ నాయకుడు. బృందంలో ఒక దళిత నాయకుడు కూడా ఉన్నారు. పేరు శ్యాంసుందర్. 1908లో ఔరంగాబాద్‌లో పుట్టి, హైదరాబాద్‌లో నిమ్నవర్గాల ఉద్యమంలో ఎదిగిన మనిషి.

పోలీసు చర్య గురించి పిల్లలు చదువుకునే పాఠంలో పటేల్ ఉంటాడు, నిజాం ఉంటాడు, ఖాసిం రజ్వీ ఉంటాడు. శ్యాంసుందర్ ఉండరు. ఎక్కడన్నా ఉన్నా, నిజాం తొత్తు అన్న ఒక్క మాటతో సరి. ఆయన అక్కడికి ఎందుకు పోయారు? ద్రోహి కాబట్టా, మోసపోయాడు కాబట్టా, లేక మన చరిత్రకారులు ఇంకా పేరు పెట్టని మరో పని చేస్తున్నారు కాబట్టా? ఈ వ్యాసంలో మేము అడుగుతున్నది ఇదే.

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, జలదంకిలో కూచున్న మీకు హైదరాబాద్ గొడవ ఎందుకని అడగొచ్చు. కారణం ఉంది. జలదంకి నుంచి పడమరగా పోతే ఉదయగిరి. అది పెద్ద రాజ్యాల నడుమ నలిగిన కోట. గజపతుల చేతిలో ఉన్న ఆ కోటను కృష్ణదేవరాయలు 1513లో ముట్టడించాడు. ఏడాదికి పైగా పట్టింది. దారి లేని కొండకు బండలు పగలగొట్టించి దారులు వేయించాడని అప్పటి పోర్చుగీసు యాత్రికుడు న్యూనిజ్ రాశాడు. 1514లో కోట పడింది. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి గుడి కట్టించాడు. ఆ విగ్రహం సంగతి శాసనానికి ఎక్కింది. బండలు పగలగొట్టిన చేతులు ఎవరివో ఏ శాసనానికీ ఎక్కలేదు. ఇంతా చేసి, నాలుగైదేళ్ళకు గజపతితో సంధి కుదిరింది. రాయలు గజపతి కూతుర్ని పెళ్ళి చేసుకున్నాడు, కృష్ణకు ఉత్తరాన గెలిచిన నేలను తిరిగి ఇచ్చేశాడు.

తర్వాత రెండు వందల ఏళ్ళకు పైగా గడిచినా తీరు మారలేదు. ఆర్కాటు నవాబు మహమ్మదలీ తమ్ముడు నజీబుల్లా ఖాన్ నెల్లూరు కోటలో ఉండేవాడు. 1757లో అన్న మీద తిరగబడ్డాడు. అన్న తరఫున ఇంగ్లీషు వాళ్ళు వచ్చి నెల్లూరును ముట్టడించి, పట్టుకోలేక వెనక్కి పోయారు. ఫ్రెంచి వాళ్ళ బలం పెరిగినప్పుడు నజీబుల్లా వాళ్ళ పక్షం చేరాడు. 1759లో మద్రాసు ముట్టడి విఫలమై ఫ్రెంచి వాళ్ళు వెనక్కి తగ్గగానే, తన దగ్గరున్న ఫ్రెంచి సిపాయిలను చంపించి మళ్ళీ ఇంగ్లీషు వాళ్ళ దగ్గరికి చేరాడు. దీన్ని చరిత్ర పుస్తకాలు చాకచక్యం అంటాయి. అదే పని ఒక మాల నాయకుడో మాదిగ నాయకుడో చేస్తే దానికి వేరే పేరు పెడతాయి.

హైదరాబాద్‌తో మాకు నేరుగా ముడి కూడా ఉంది. ఉదయగిరి చివరి జాగీరుదారు అబ్బాస్ అలీ ఖాన్. 1839లో హైదరాబాద్‌లో నిజాం తమ్ముడు ముబారిజుద్దౌలా, కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ ఇంగ్లీషు వాళ్ళ మీద కుట్ర చేశారన్న ఆరోపణ వచ్చింది. ముబారిజుద్దౌలా గోల్కొండ కోటలో ఖైదయ్యాడు, కర్నూలు కంపెనీ చేతికి పోయింది. ఆ తీగ లాగితే ఉదయగిరి కదిలింది. 1840లో జాగీరు పోయింది, అబ్బాస్ అలీ ఖాన్‌ను చెంగల్పట్టుకు పంపేశారు. ఇంకొంచెం పడమరకు పోయి వెలిగొండలు దాటితే కడప సీమ. టిప్పు మీద యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన ఆ సీమను నిజాం 1800లో కంపెనీకి రాసిచ్చాడు, తన దగ్గర ఉంచుకున్న ఇంగ్లీషు సైన్యం ఖర్చు కింద. దత్త మండలాలు అన్న పేరు అట్లా వచ్చింది. నేలతో పాటు జనమూ బదిలీ అయ్యారు. వాళ్ళను అడిగిన వాడు లేడు.

నిజాములు బతికిందే ఈ విద్య మీద. పూనాలో మరాఠాలు, శ్రీరంగపట్టణంలో హైదరు, టిప్పు, తీరం వెంట ఇంగ్లీషు, ఫ్రెంచి. రెండో నిజాం అలీ ఖాన్ నలభై ఏళ్ళు వీళ్ళందరి నడుమ నడిచాడు. ఇంగ్లీషు వాళ్ళకు ఉత్తర సర్కారులు ఇచ్చాడు, టిప్పు మీదికి మరాఠాలతో, ఇంగ్లీషుతో కలిసి పోయాడు, ఇంగ్లీషు మీద నమ్మకం చాలక ఫ్రెంచి సేనాని రేమండ్ కింద పటాలాలు పెంచాడు. 1795లో ఖర్దా దగ్గర మరాఠాల చేతిలో ఓడినప్పుడు ఇంగ్లీషు వాళ్ళు చూస్తూ ఊరుకున్నారు. అయినా 1798లో ఫ్రెంచి పటాలాలను రద్దు చేసి ఇంగ్లీషు ఒప్పందం మీదే సంతకం పెట్టాల్సి వచ్చింది. అక్కడితో తక్కెడ ఆడడం ఆగింది. 1853లో బేరారు పోయింది. 1926లో ఏడో నిజాం బేరారు తిరిగి అడుగుతూ తాను బ్రిటిష్ ప్రభుత్వంతో సమానుడినన్నట్టు మాట్లాడితే, వైస్రాయి రీడింగ్ నీ స్థానం ఏందో తెలుసుకో అన్న ధోరణిలో జవాబు రాశాడు.

1947లో బ్రిటిష్ వాళ్ళు పోతున్నారనగానే ఆగిన తక్కెడ మళ్ళీ కదిలింది. ఆ ఏడు జూన్‌లో నిజాం ఫర్మానా జారీ చేశాడు: సార్వభౌమాధికారం రద్దయిన రోజు నుంచి హైదరాబాద్ స్వతంత్రం, ఇండియాలోనూ చేరదు, పాకిస్తాన్‌లోనూ చేరదు. చుట్టూ ఇండియా, సముద్రానికి దారి లేదు. ఆ దారి కోసం పోర్చుగీసు వాళ్ళ చేతిలోని గోవా రేవు మీద కన్నేశారు. లండన్‌లో పలుకుబడి కోసం వాల్టర్ మాంక్టన్ అనే పెద్ద న్యాయవాదిని సలహాదారుగా పెట్టుకున్నారు. పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల విలువైన ఇండియా ప్రభుత్వ సెక్యూరిటీలు అప్పుగా ఇచ్చారు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి రాత్రిళ్ళు విమానాల్లో ఆయుధాలు దించాడు. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. కె.ఎం. మున్షీ రాశాడు, వి.పి. మీనన్ రాశాడు, ప్రధానిగా ఉన్న లాయక్ అలీ రాశాడు. ఎవరు ఎవరితో ఏ గదిలో మాట్లాడారో ముగ్గురూ వివరంగానే చెప్పారు. ఈ తక్కెడలో తూకం రాయి ఏదన్న ప్రశ్న మాత్రం మనం వేసుకోవాల్సిందే.

ఆ రాయి జనాభా లెక్క. 1941 లెక్కల్లో సంస్థానం జనం 1 కోటి 63 లక్షలు. ముస్లింలు దాదాపు 21 లక్షలు. దళితులు దాదాపు 29 లక్షలు. పాలించే మతం వాళ్ళ కంటే అంటరాని వాళ్ళే ఎక్కువ! దళితులను హిందువుల్లో కలిపితే, నూటికి 13 మంది తక్కిన వాళ్ళందరి మీద పెత్తనం చేస్తున్నారన్న కాంగ్రెస్, ఆర్యసమాజం వాదన నిలబడుతుంది. దళితులు హిందువులు కారంటే ఆ వాదన పలచబడుతుంది. దళితులూ ముస్లింలూ కలిస్తే నూటికి 31. హిందువులకూ ముస్లింలకూ శాసనసభలో సమాన స్థానాలన్న సంస్కరణలు 1939లో ప్రకటించి 1946లో అమల్లో పెట్టిన ప్రభుత్వానికి ఈ 18 మంది ఎటు కూచుంటారన్నది చిన్న సంగతి కాదు.

అందుకే 1930ల నుంచి మన వాడల్లోకి అందరూ వచ్చారు. బహదూర్ యార్ జంగ్ తబ్లీగ్ ప్రచారంతో వచ్చాడు, కలిసి నమాజు చేద్దాం రమ్మన్నాడు. ఆర్యసమాజం శుద్ధితో వచ్చింది, జంధ్యం వేస్తామంది. హరిజన సేవకులు వచ్చారు. తరతరాలుగా బావి దగ్గరికి రానివ్వని వాళ్ళకు ఉన్నట్టుండి మన ఆత్మల మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టింది.

మా మెట్ట ఊళ్ళు తెలిసిన వాళ్ళకు ఇదేం కొత్త కాదు. మా దగ్గర పార్టీ అంటే ముందు వచ్చే అర్థం జెండా కాదు. ఊళ్ళో ఇద్దరు పెద్దరైతులుంటారు, వాళ్ళకు పడదు. పంచాయతీ ఎన్నికలొచ్చినా, చెరువుకు నీళ్ళొచ్చినా, తిరునాళ్ళొచ్చినా ఊరు రెండు ముక్కలు. అప్పుడు ఇద్దరూ మాలపల్లెకూ మాదిగపల్లెకూ వస్తారు. మామూలు రోజుల్లో మంచం మీద నుంచి లేవకుండా 'ఒరేయ్' అని పిలిచేవాడు 'ఏం పెద్దాయనా, బాగుండావా' అంటాడు. పల్లె పెద్దలు రాత్రికి కూచుని లెక్క వేస్తారు. ఎవరి చేలో మనోళ్ళు ఎక్కువమంది కూలికి పోతున్నారు, ఎవరి దగ్గర అప్పుంది, ఎవడు గెలిస్తే శ్మశానానికి దారి వస్తుంది, ఎవడు ఓడితే మన మీద పడి కొడతాడు. గెలిచేవాడి పక్క ఉండాలి, ఓడేవాడికి మరీ దూరం కాకూడదు. ఇది రాజతంత్రం కాదా? రాయబారులు, కోటలు లేనంత మాత్రాన దీనికి బుద్ధి అక్కర్లేదనుకుంటే పొరపాటు. పెద్ద రాజ్యాల నడుమ చిన్న రాజ్యం చేసే పని ఇదే. చిన్న రాజ్యం తప్పటడుగు వేస్తే కాస్త నేల పోతుంది. పల్లె తప్పటడుగు వేస్తే కొంపలు తగలబడతాయి.

హైదరాబాద్ దళిత నాయకులు ఈ లెక్కలో పసివాళ్ళు కారు. భాగ్యరెడ్డి వర్మ 1906లోనే జగన్మిత్ర మండలి పెట్టారు. 1917లో బెజవాడలో పంచములు అన్న పేరు మాకొద్దు, మేం ఆది ఆంధ్రులం అని మహాసభ చేత అనిపించారు. హైదరాబాద్‌లో ఆది హిందువులు అన్న పేరు కోసం పోరాడారు, 1931 జనాభా లెక్కల్లో ఆ పేరు ఎక్కింది. పేరులో ఏముందని కొందరు నవ్వారు. పేరులో వేరే గడి ఉంది. వేరే గడి ఉంటే వేరే లెక్క ఉంటుంది, వేరే లెక్క ఉంటే బేరం ఉంటుంది. ఆయన వెనక వచ్చిన వాళ్ళు, అరిగె రామస్వామి, బి.ఎస్. వెంకటరావు, జె.హెచ్. సుబ్బయ్య, శ్యాంసుందర్, ఈ గడి విలువ తెలిసిన వాళ్ళే. వాళ్ళ మధ్య ఐకమత్యం ఉండేది కాదన్నది నిజం. ఆ ఉద్యమంలోనే పనిచేసిన పి.ఆర్. వెంకటస్వామి 1955లో అచ్చువేసిన 'అవర్ స్ట్రగుల్ ఫర్ ఎమాన్సిపేషన్'లో ఈ కీచులాటలన్నీ దాచకుండా రాశారు. మన వాళ్ళ చరిత్రను మన వాళ్ళే రాసుకుంటే ఎట్లా ఉంటుందో చూడాలనుకునే వాళ్ళు ఆ పుస్తకం చదవాలి.

వెంకటరావును హైదరాబాద్ అంబేద్కర్ అనేవాళ్ళు. ఊరికే అన్న మాట కాదు. 1936 మేలో బొంబాయిలో మతం మార్పు మీద మహర్ల మహాసభ జరిగినప్పుడు, హిందూ మతం వదలడం ఎందుకో అంబేద్కర్ వివరించిన ఆ సభకు అధ్యక్షుడు వెంకటరావే. అట్లాంటి మనిషి 1947 చివర్లో లాయక్ అలీ మంత్రివర్గంలో విద్యామంత్రి అయ్యారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆ కొన్ని నెలలను పక్కపక్కన పెట్టి చూద్దాం. 1947 చివరికి ఈ ఉపఖండంలో ఒకరంటే ఒకరికి పడని మూడు ప్రభుత్వాలున్నాయి. ఢిల్లీ ప్రభుత్వంలో న్యాయశాఖ మంత్రి అంబేద్కర్. కరాచీ ప్రభుత్వంలో న్యాయ, కార్మిక శాఖల మంత్రి జోగేంద్రనాథ్ మండల్. పాకిస్తాన్ రాజ్యాంగసభ మొదటి సమావేశానికి తాత్కాలిక అధ్యక్షుడు కూడా ఆయనే. హైదరాబాద్ ప్రభుత్వంలో విద్యామంత్రి వెంకటరావు. ముగ్గురూ దళితులు. ముగ్గురూ ఒకరికొకరు తెలిసినవాళ్ళో, ఒకే ఉద్యమంలో వాళ్ళో. ఇది కాకతాళీయం అనుకోవడం మాకు కష్టం. కొట్లాడుకునే రాజ్యాలు మూడూ ప్రపంచానికి చూపించుకోవాల్సిన సంగతి ఒకటుంది: మా దగ్గర అట్టడుగు వాడు మాతోనే ఉన్నాడు. అది చూపించడానికి ఒక కుర్చీ కావాలి. రాజ్యాలకు ఎప్పుడు అవసరం పడిందో అప్పుడే ఆ కుర్చీ దొరికింది.

అంబేద్కర్ కుర్చీ కూడా అట్లా బేరంలో దొరికిందే, అది చెప్పుకోవడానికి మనకు సిగ్గెందుకు? 1946లో ఆయన రాజ్యాంగసభకు బెంగాల్ నుంచి, మండల్ తదితరుల అండతో ఎన్నికయ్యారు. దేశం చీలిపోయి ఆ స్థానం నిలవకపోతే, అంతదాకా తలుపులు మూసిన కాంగ్రెసే 1947 జులైలో ఆయన్ను బొంబాయి నుంచి గెలిపించుకుంది. కాంగ్రెస్‌కు ఆయన అవసరం వచ్చింది, ఆయనకు రాజ్యాంగం రాసే చోటు కావాల్సి వచ్చింది. ఇద్దరూ ఎదుటివాళ్ళ అవసరాన్ని తూచుకున్నారు.

హైదరాబాద్ విషయంలో అంబేద్కర్ లెక్క మొదటి నుంచీ స్పష్టం. 1947 జూన్‌లోనే ఒక ప్రకటన చేశారు. సంస్థానాలు స్వతంత్రం ప్రకటించుకోవడం చట్టం ముందు నిలవదు, ఐక్యరాజ్యసమితి గుర్తిస్తుందనుకోవడం పగటికల అన్నారు. పారిస్‌లో జరగబోయేదాన్ని పదిహేను నెలల ముందే చూశారు. ఆ ఏడు నవంబర్ చివర్లో ఇంకో ప్రకటన. పాకిస్తాన్‌లోనూ హైదరాబాద్‌లోనూ ఉన్న షెడ్యూల్డ్ కులాల వాళ్ళను ఉద్దేశించింది అది. సవర్ణ హిందువులంటే మంట ఉంది కదా అని ముస్లిం లీగును నమ్మొద్దు, నిజాం పక్షం చేరి జాతికి చెడ్డపేరు తేవొద్దు, బలవంతంగా మతం మార్చబడిన వాళ్ళను తిరిగి కలుపుకునే బాధ్యత నాది అన్నారు. అది వెలువడిన ఒకటి రెండు రోజులకే, నవంబర్ 29న, ఇండియాకూ నిజాంకూ మధ్య ఏడాది పాటు యథాతథ ఒప్పందం కుదిరింది. దేశమంతా ఆగి చూద్దామంటున్న వేళ ఆయన మన వాళ్ళను ఆగొద్దన్నారు.

మరి వెంకటరావు, శ్యాంసుందర్ ఎందుకు వినలేదు? స్వార్థం అనేస్తే ఒక్క మాటలో అయిపోతుంది. పదవి మీద ఆశ ఉండదని మేము అనం. అయితే వాళ్ళు నిలబడి చూసిన చోటు వేరు. హైదరాబాద్ పల్లెల్లో వాళ్ళకు కనిపిస్తున్న కాంగ్రెస్ ఏది? దేశ్‌ముఖ్‌లు, పటేళ్ళు, పట్వారీలు, షావుకార్లు. మాదిగ చేత చెప్పులు, తొండం ఊరికే కుట్టించుకునేది, మాల చేత మూటలు మోయించుకునేది, ఊళ్ళు తిప్పించేది ఎవరు? వెట్టి అడిగేవాడు గడీలో ఉన్నాడు. నిజాం కోఠీలో ఉన్నాడు, దూరంగా ఉన్నాడు. దగ్గరి శత్రువు మీద దూరపు రాజును ఆశ్రయించడం పాత ఎత్తే. గడీకి పునాది ఆ నిజాం రాజ్యమే అన్నది వాళ్ళు పక్కన పెట్టిన సంగతి. దేశ్‌ముఖ్‌ను నిలబెట్టిందే నిజాం రెవెన్యూ వ్యవస్థ. మా దృష్టిలో వాళ్ళ లెక్క చెడింది అక్కడ. మతం పేరుతో పోటీ పడుతున్న రెండు పక్షాలూ నేల విషయంలో ఒకటేనన్నది వాళ్ళ తూకంలోకి రాలేదు.

పల్లెల్లో జనం ఆ సంగతి తెలిసినట్టే నడిచారు. నల్లగొండ, వరంగల్ పల్లెల్లో వాళ్ళకు మూడో దారి దొరికింది. ఆంధ్ర మహాసభను అక్కడ సంఘం అనేవాళ్ళు. సంఘం వచ్చిన ఊళ్ళో వెట్టి ఆగింది. 1946 జులైలో కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయాక అది సాయుధ పోరాటమైంది. మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచామని కమ్యూనిస్టులు చెప్పుకున్నారు. దళాల్లో మాల మాదిగ యువకులు పనిచేశారు. నాయకత్వం మాత్రం వాళ్ళ చేతికి రాలేదు, దాని గురించి వేరే రాయాలి. పట్నంలో నాయకులు నిజాంతో, ఢిల్లీ చెప్పినట్టు కొందరు ఇండియాతో, పల్లెల్లో జనం సంఘంతో. మూడు పక్కలా మనవాళ్ళే ఉన్నారు. రజాకార్లలో చేరిన వాళ్ళూ ఉన్నారు, రజాకార్లు తగలబెట్టిన ఊళ్ళలోనూ ఉన్నారు.

వెంకటరావు కుర్చీలో ఉన్నది పది నెలలే. ఆ పది నెలల్లో ఒక పని చేశారు. షెడ్యూల్డ్ కులాల చదువు కోసం ప్రభుత్వం చేత కోటి రూపాయల నిధి కేటాయింపజేశారు. 1940ల కోటి అది. చుట్టూ దిగ్బంధం, ఖజానా ఆయుధాల కోసం ఖాళీ అవుతున్న వేళ నిజాం ఎందుకిచ్చాడో ఊహించడం కష్టం కాదు. నూటికి 18 మందికి కట్టిన ధర. ఇచ్చినవాడి మనసు మంచిదా చెడ్డదా అని మేము చూడటం లేదు. బేరంలో ఏం వచ్చిందన్నది చూస్తున్నాం.

ఇక పారిస్. 1948 జూన్‌లో మౌంట్‌బాటెన్ వెళ్ళిపోయే ముందు తయారైన ఒప్పందం ముసాయిదాను నిజాం తిరస్కరించాడు. అప్పటికి హైదరాబాద్‌లో మాట నిజాంది కాదు, రజ్వీది. మంత్రివర్గంలో ఉన్న జె.వి. జోషి రజాకార్ల దౌర్జన్యాలు చూసి రాజీనామా చేసి పోయాడు. నిజాం అమెరికాను మధ్యవర్తిత్వం అడిగితే అమెరికా కాదంది. లండన్‌లో చర్చిల్ హైదరాబాద్ తరఫున గట్టిగా మాట్లాడాడు, కానీ ఆయన ప్రతిపక్షంలో ఉన్నాడు. ఆగస్టు 21న హైదరాబాద్ భద్రతామండలికి తంతి పంపింది. సెప్టెంబర్ 11న జిన్నా చనిపోయాడు. 13న ఇండియా సైన్యం హైదరాబాద్‌లోకి అడుగుపెట్టింది. కాశ్మీర్‌లో అప్పటికే యుద్ధంలో ఉన్న పాకిస్తాన్ కదల్లేదు. 16న మండలి కూచుంది. అధ్యక్ష స్థానంలో బ్రిటన్ ప్రతినిధి కాడొగన్. ఈ సంగతి అజెండాలో చేర్చాలా వద్దా అన్న దాని మీద ఓటు పెట్టారు. చేర్చాలని 8 దేశాలు, వద్దని ఎవరూ లేరు, సోవియట్ యూనియన్, ఉక్రెయిన్, చైనా తటస్థం. కాగితం మీద హైదరాబాద్ గెలిచింది. మర్నాడు, 17న, నిజాం రేడియోలో లొంగుబాటు ప్రకటించాడు. 22న ఫిర్యాదు ఉపసంహరించుకుంటున్నట్టు మండలికి తంతి పోయింది. వెనక రాజ్యం లేని రాయబారులు పారిస్‌లో మిగిలారు.

శ్యాంసుందర్‌ను ఆ బృందంలో ఎందుకు పెట్టారన్నది ఇప్పుడు చెప్పుకోవచ్చు. ఇది ముస్లిం రాజుకూ హిందూ ప్రజలకూ మధ్య తగాదా అని ఇండియా ప్రతినిధి రామస్వామి మొదలియార్ అనకముందే, కాదు, అస్పృశ్యులు మా పక్కన ఉన్నారు చూడండి అని చూపించడానికి. సాక్ష్యంగా తీసుకుపోయారు. కానీ సాక్ష్యంగా పోయినవాడు తన లెక్కతో తాను పోకూడదని ఎక్కడుంది? అంటరానితనం ఒక దేశం ఇంటి గొడవ కాదు, ప్రపంచం ముందు పెట్టాల్సిన సంగతి అన్న ఆలోచన ఇవాళ మన ఉద్యమానికి మామూలు. 2001లో డర్బన్‌లో జాతి వివక్ష మీద ఐక్యరాజ్యసమితి మహాసభ జరిగినప్పుడు దళిత సంఘాలు ఆ మాటే అడగడానికి పోయాయి. కులం జాతి కాదు, ఇక్కడ మాట్లాడొద్దు అని భారత ప్రభుత్వం అడ్డం తిరిగింది. శ్యాంసుందర్ ఆ గడప దాకా ఇంకో రాజ్యం భుజాల మీద పోయారు. అది ఆయన చిక్కు.

సెప్టెంబర్ 17 తర్వాత ఎవరికి ఏమైందో చూస్తే తక్కెడ సంగతి తేటపడుతుంది. ఓడిన నిజాం 1950 జనవరి 26 నుంచి 1956లో రాష్ట్రం విడిపోయేదాకా రాజప్రముఖ్. పైగా ఏడాదికి 50 లక్షల రాజభరణం. ఊళ్ళు వదిలి పట్నం పోయిన దేశ్‌ముఖ్‌లు ఖద్దరు టోపీలు పెట్టుకుని సైన్యం వెనక ఊళ్ళకు తిరిగొచ్చారు. సంఘం పంచిన భూములు లాక్కున్నారు. సైన్యం రజాకార్ల పని అయిదు రోజుల్లో ముగించి, సంఘం మీద మాత్రం 1951 దాకా ఉంది. పల్లెల్లో, పట్నాల్లో ముస్లింలను ఊచకోత కోశారు. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదికను అరవై ఏళ్ళకు పైగా తొక్కిపెట్టారు, 2013లో గానీ జనానికి దొరకలేదు. రాజు బతికాడు, రాజు మతం వాళ్ళయిన నేతగాళ్ళు, కూలీలు చచ్చారు.

కరాచీలో మండల్ 1950 అక్టోబర్‌లో రాజీనామా చేసి, తూర్పు బెంగాల్‌లో తన వాళ్ళ మీద జరిగిన దౌర్జన్యాలన్నీ ప్రధాని లియాఖత్ అలీకి రాసి, కలకత్తా చేరారు. ఢిల్లీలో అంబేద్కర్ 1951లో రాజీనామా చేశారు. ఆ రాజీనామా ప్రకటనలో హిందూ కోడ్ బిల్లు గురించే కాదు, విదేశాంగ విధానం గురించి కూడా ఉంది. మనవాళ్ళు ఆ భాగం తక్కువ చదువుతారు. ఏటా 350 కోట్ల ఆదాయంలో 180 కోట్లు సైన్యానికి పోతున్నాయి, స్నేహితులు లేని విదేశాంగ విధానానికి ఇది మనం కట్టే మూల్యం అన్నారు. రాజతంత్రం ఖర్చు ఎవరి పళ్ళెంలోంచి పోతుందో లెక్కగట్టి చెప్పిన మంత్రి ఆయన. మూడేళ్ళలో మూడు కుర్చీలూ ఖాళీ అయ్యాయి.

శ్యాంసుందర్ ఆ తర్వాత కూడా వేరే గడి అన్న పట్టు వదల్లేదు. దళితులు హిందువులూ కారు, ఎవరి తోకా కారు, ఈ దేశపు మూలవాసులు అంటూ మూల భారతి అన్న మాట తెచ్చారు. 1968లో గుల్బర్గాలో భీమసేన పెట్టారు. 1975లో చనిపోయారు. గుల్బర్గా కూడా పాత నిజాం రాజ్యమే.

కోటి రూపాయల నిధి మాత్రం నిజాంతో పాటు పోలేదు. పోలీసు చర్య తర్వాత కూడా షెడ్యూల్డ్ కులాల ట్రస్టు నిధిగా నిలిచింది. 1950లో అంబేద్కర్ పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ ఔరంగాబాద్‌లో కాలేజీ తెరిచింది. దానికి అప్పు ఈ నిధి నుంచే వచ్చింది. నిజాం పక్షం చేరొద్దన్న అంబేద్కర్, నిజాం పక్షం చేరి వెంకటరావు సంపాదించిన డబ్బుతో కాలేజీ కట్టారు. ఇద్దరిలో ఎవరికీ ఇది తలవంపులు కాదు. తర్వాత దానికి మిలింద్ అని పేరు పెట్టారు. మరాఠ్వాడా పల్లెల నుంచి మొదటి తరం దళిత పిల్లలు ఆ కాలేజీకి నడిచి వచ్చారు. అక్కడి విశ్వవిద్యాలయానికి అంబేద్కర్ పేరు పెట్టాలని లేచిన నామాంతర పోరాటంలో వాళ్ళున్నారు. 1978 జులైలో మహారాష్ట్ర శాసనసభ ఆ పేరుకు తీర్మానం చేయగానే మరాఠ్వాడా పల్లెల్లో దళితవాడలు తగలబెట్టారు. ఆ పేరు పెట్టడానికి 1994 జనవరి 14 దాకా పట్టింది.